చిన్న పీసీ క్యాబినెట్, మన ఎండలు: కొనేముందు ఏం చూడాలి, ఎలా కొలవాలి

మినీ ఐటీఎక్స్ అంటే చిన్న సైజు మదర్‌బోర్డు. నెల్లూరులో ఏ కంప్యూటర్ షాపుకెళ్లి 'మినీ ఐటీఎక్స్ క్యాబినెట్ ఉందా' అని అడిగినా ముందు మనల్ని ఎగాదిగా చూస్తారు. తర్వాత 'అంత చిన్నదాంట్లో ఏం పడుతుంది సార్, ఇది తీసుకోండి, లైట్లతో సహా నాలుగు ఫ్యాన్లు వస్తాయి' అంటూ మోకాలెత్తు డబ్బా ఒకటి ముందుకు జరుపుతారు. వాళ్ల తప్పేం లేదు. చిన్న క్యాబినెట్లు ఇక్కడ కదలవు, కదలని సరుకు ఎవరూ తెచ్చిపెట్టుకోరు. అందుకే మనం చెన్నై రిచీ స్ట్రీట్‌కో, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకో పోవాలి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఎలా తెప్పించుకున్నా చేత్తో పట్టుకు చూడకుండా కొంటున్నట్టే. కాబట్టి చూపు చేయాల్సిన పని టేపు, కాగితం చేయాలి.

ముందు ఒక మాట. చిన్న పీసీ మీకు నిజంగా కావాలా? వారానికోసారి ఒంగోలుకీ హైదరాబాదుకీ మధ్య మోసుకు తిరిగేవాళ్లకి, అద్దె గదిలో మూడడుగుల బల్లే దిక్కైనవాళ్లకి అర్థముంది. చూడ్డానికి ముద్దుగా ఉంటుందని కొనేవాళ్లనీ నేను కాదనను, నేనూ అందుకే మొదలుపెట్టా. ఈ మూడింట్లో ఏదీ కాకపోతే దీనికంటే ఒక సైజు పెద్దదైన మైక్రో ఏటీఎక్స్ డబ్బా తీసుకోండి. డబ్బు మిగులుతుంది, వేడీ తక్కువ.

మొదట గదిని కొలవండి

క్యాబినెట్ రివ్యూలు చేసేవాళ్లు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీల గదిలో పరీక్షిస్తారు. మనకి రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి. డాబా కింద గది అయితే పగలంతా స్లాబు తాగిన ఎండని రాత్రి పదకొండుకీ వదుల్తూనే ఉంటుంది. మా వేదాయపాళెం ఇంట్లో పై గది మే నెల సాయంత్రం 36కి తగ్గదు.

ఇక్కడ లెక్క సులువు. గది ఒక డిగ్రీ పెరిగితే లోపలి భాగాలూ ఇంచుమించు ఒక డిగ్రీ పెరుగుతాయి. 22 డిగ్రీల గదిలో గ్రాఫిక్స్ కార్డు 72కి చేరిందని రివ్యూలో ఉంటే, మన 36 డిగ్రీల గదిలో అదే కార్డు 86 దాకా పోవాలి. అంతదాకా పోనివ్వకుండా ముందు ఫ్యాన్లు గోలపెడతాయి, ఆ తర్వాత కార్డు తన వేగం తానే తగ్గించుకుంటుంది. 'హై పెర్ఫార్మెన్స్' అని పెట్టిన డబ్బు అక్కడ ఆవిరైపోతుంది.

కాబట్టి మొట్టమొదట కొనాల్సింది గదిలో పెట్టుకునే థర్మామీటర్. పీసీ పెట్టబోయే చోటే పెట్టి, ఏసీ వేయకుండా మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి చూడండి. రెండు అంకెలూ రాసుకోండి. ఇకమీదట ఏ రివ్యూ చదివినా వాళ్ల గది వేడి తీసేసి మీ గది వేడి కలుపుకోండి. గది ఎంత వేడిగా ఉందో చెప్పని రివ్యూని సరదాకి చూడండి, దాన్ని నమ్మి కొనొద్దు.

పనిలో పనిగా ఇంకోటి కూడా గుర్తుంచుకోండి. చిన్న డబ్బా గదిని ఎక్కువ వేడెక్కిస్తుందని కొందరు భయపడతారు. అది నిజం కాదు. గోడ నుంచి 400 వాట్లు లాగే పీసీ పెద్ద డబ్బాలో ఉన్నా చిన్న డబ్బాలో ఉన్నా గదిలోకి 400 వాట్ల వేడే వదుల్తుంది. ఒక టన్ను ఏసీ లాగగలిగేది సుమారు 3,500 వాట్లు. అందులో తొమ్మిదో వంతు మీ ఆట తినేస్తుందన్నమాట.

లీటర్ల లెక్క

చిన్న క్యాబినెట్లని లీటర్లలో చెబుతారు. పొడవు, వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో గుణించి పది లక్షలతో భాగిస్తే లీటర్లొస్తాయి. ఇరవై లీటర్ల లోపుంటే చిన్నదని లెక్క.

అయితే ఏ కొలతతో గుణించారో చూడాలి. కూలర్ మాస్టర్ ఎన్ఆర్200నే తీసుకోండి. కాళ్లు, బయటికి పొడుచుకొచ్చినవి కలపకుండా 360 × 185 × 274 మి.మీ., అంటే 18.25 లీటర్లు. కలిపితే 376 × 185 × 292 మి.మీ., అంటే 20.3. రెండూ నిజమే. మీ బల్లకి కావాల్సింది రెండో అంకె. దాని వెనకాల తీగలు వంగడానికి మరో ఐదారు సెంటీమీటర్లు వదలాలి.

లీటర్లు తగ్గించుకోవడం ఓ వ్యసనం. 18 నుంచి 11కి, 11 నుంచి 7కి దిగాలనిపిస్తుంది. డ్యాన్ ఏ4 లాంటి 7.2 లీటర్ల డబ్బాలో ప్రాసెసర్‌ని చల్లబరిచే హీట్‌సింక్‌కి ఇచ్చే ఎత్తు 48 మి.మీ. మాత్రమే. చల్లటి దేశంలో అది చక్కని పనితనం. మే నెల నెల్లూరులో అంత చిన్నదాంట్లో పెద్ద ప్రాసెసర్ పెట్టమని నేనెవరికీ చెప్పను. మొదటిసారి కట్టేవాళ్లకి నా సలహా 14 నుంచి 19 లీటర్లు.

భాగాలు ముందు, డబ్బా తర్వాత

చాలామంది డబ్బా మీద మనసు పడి తర్వాత అందులోకి కార్డు వెతుక్కుంటారు. తిరగేయండి. ముందు ఏ కార్డు, ఏ ప్రాసెసర్ అన్నది తేల్చుకోండి. తర్వాత కంపెనీ పేజీ తెరిచి ఈ కొలతలు ఒక కాగితం మీదికి ఎక్కించండి.

మదర్‌బోర్డు మినీ ఐటీఎక్స్ అయితే 170 × 170 మి.మీ., ఎవరిదైనా ఒకటే. 2001లో వీఐఏ కంపెనీ తెచ్చిన కొలత ఇది, ఇప్పటికీ మారలేదు. దీనిమీద కార్డు పెట్టే స్లాటు ఒక్కటే ఉంటుంది. తర్వాత సౌండ్ కార్డో మరోటో పెట్టుకుందామంటే చోటుండదు.

గ్రాఫిక్స్ కార్డుకి పొడవొక్కటే రాసుకుంటే చాలదు. పొడవు, ఎత్తు, మందం మూడూ కావాలి. మందాన్ని స్లాట్లలో చెబుతారు. ఒక స్లాటు 20.32 మి.మీ., కాబట్టి మూడు స్లాట్ల కార్డు దాదాపు 61 మి.మీ. 2024లో ఎన్విడియా చిన్న డబ్బాలకి పనికొచ్చే కార్డుల కోసం ఒక హద్దు గీసింది. పొడవు 304, పవర్ కేబుల్ వంపుతో కలిపి ఎత్తు 151, మందం 50 మి.మీ. లోపుండాలి. ఈ మూడంకెలూ ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ఈ మాత్రం చోటిచ్చే క్యాబినెట్ కొంటే రేపు కార్డు మార్చినా డబ్బా మార్చక్కర్లేదు.

హీట్‌సింక్ ఎత్తు కొన్ని డబ్బాల్లో కార్డు మందంతో ముడిపడి ఉంటుంది. ఫ్రాక్టల్ టెర్రాలో మధ్యగోడ అటూ ఇటూ జరుగుతుంది. కార్డు వైపు 72 మి.మీ. ఇస్తే హీట్‌సింక్‌కి 48 మిగులుతుంది, కార్డుకి 43తో సరిపెడితే హీట్‌సింక్‌కి 77 దొరుకుతుంది. ప్రకటనలో 72, 77 రెండూ కనబడతాయి. రెండూ ఒకేసారి రావు. పొట్టి హీట్‌సింక్ అయితే అది ర్యామ్ మీదికి వంగుతుందేమో కూడా చూడండి. రెక్కల్లేని మామూలు ర్యామ్ తీసుకుంటే ఆ బాధ లేదు.

అట్టముక్కతో పరీక్ష

ఇది పిచ్చిపనిలా అనిపిస్తుంది, కానీ ఇదే డబ్బు మిగిల్చేది. ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె ఉంటే మంచిది, లేకపోతే కిరాణాకొట్టులో అడగండి. కార్డు, ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే పెట్టె), హీట్‌సింక్ మూడింటినీ అసలు కొలతలకి అట్టతో డబ్బాల్లా మడిచి టేపు అంటించండి. 170 మి.మీ. చదరం ముక్క మదర్‌బోర్డు. క్యాబినెట్ లోపలి కొలతలకి ఇంకో పెట్టె. ఇక ఒక్కొక్కటీ లోపల పెట్టి చూడండి.

దీన్ని నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. ఒంగోల్లో మా బావమరిది మొదటి చిన్న పీసీ కట్టినప్పుడు కాగితం మీద అన్నీ సరిపోయాయి. కార్డు పొడవులో 12 మి.మీ. మిగులు కూడా ఉంది. రాత్రి పదిన్నరకి ఫోను, 'బావా, మూత పడట్లా' అని. పొద్దున పోయి చూస్తే కార్డు చక్కగా కూర్చుంది. పైన పవర్ కేబుల్ ప్లగ్గు నిటారుగా లేచి, మూతని వేలెడు మందం ఎత్తిపట్టుకుంది. కార్డు ఎత్తు 140 అని రాసుకున్నాం, దాని నెత్తిన కేబుల్ వంగడానికి కావాల్సిన చోటు రాసుకోలేదు. నొక్కి పెడితే పడుతుంది కానీ ఆ ప్లగ్గు దగ్గర తీగ మొదట్లోనే మడతపడితే పిన్నులు వదులై వేడెక్కి కాలే ప్రమాదముంది. కొత్త పదహారు పిన్నుల కనెక్టరైతే ప్లగ్గు నుంచి 35 మి.మీ. దాకా తీగ నిటారుగా వచ్చాకే వంచాలి. చివరికి ఆ వేసవంతా మూతకి రెండు రబ్బరు బ్యాండ్లు వేసి నడిపాడు. ఇంటికొచ్చినవాళ్లందరూ అదేదో కొత్త మోడల్ అనుకున్నారు.

కాబట్టి అట్ట కార్డు మీద ప్లగ్గు వచ్చే చోట 35 మి.మీ. పెన్సిల్ ముక్క ఒకటి నిలబెట్టి అంటించండి. మూత ఆ పెన్సిల్‌ని తాకకూడదు. పొడవులోనూ కనీసం ఐదు మి.మీ. మిగలాలి. కార్డు ఏటవాలుగా లోపలికి దిగాలి కదా, సరిగ్గా సరిపోయేది దిగదు.

గాలి దారి

ఇక్కడ కాసేపు ఆగుదాం, డబ్బా మంచిచెడ్డలు తేలేది ఇక్కడే.

చిన్న క్యాబినెట్లలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి, పెద్ద డబ్బాల్లాగే కార్డు నేరుగా బోర్డు మీద కూర్చునేది. ఎన్ఆర్200 ఈ రకం. కార్డు ఫ్యాన్లు కిందికి చూస్తాయి, అడుగున జల్లెడలోంచి గాలి పీలుస్తాయి, పైన ఫ్యాన్లు వేడిని బయటికి నెట్టేస్తాయి. వేడిగాలి ఎటూ పైకే పోతుంది కాబట్టి ఈ దారి సహజంగా ఉంటుంది. రెండోది శాండ్‌విచ్ రకం. మధ్యలో గోడ, ఒక పక్క బోర్డు, ఇంకో పక్క కార్డు, రెంటినీ కలుపుతూ రైజర్ కేబుల్. కార్డు ఫ్యాన్లు పక్కమూతకి ఆనుకునే ఉంటాయి కాబట్టి బయటి చల్లగాలి నేరుగా పీల్చుకుంటాయి. అది మంచిదే. కానీ వదిలిన వేడిగాలి పైన బయటికి పోకపోతే తిరిగి ఆ ఫ్యాన్లలోకే చేరుతుంది.

ఏ రకమైనా మూడు ప్రశ్నలు అడగండి. కార్డు ఫ్యాన్లకి ఎదురుగా ఉన్నది జల్లెడా, అద్దమా? అద్దమైతే వదిలేయండి, అందం చూసి మోసపోవద్దు. ఎస్ఎంపీఎస్ గాలి బయట నుంచి పీలుస్తుందా, లోపలి వేడిగాలే పీలుస్తుందా? పైభాగం తెరుచుకుని ఉందా?

డబ్బా చేతికొచ్చాక జల్లెడని పరీక్షించే పద్ధతొకటి చెబుతా. పక్కమూత తీసి కిటికీకి ఎదురుగా పట్టుకోండి. వెలుతురు ధారాళంగా వస్తే సరే. సగం పైగా రేకే కనబడితే అవి చిల్లులు కావు, అలంకారం. తర్వాత మూతకి ఒక పక్క నోటితో ఊది, అవతల అరచెయ్యి పెట్టి చూడండి. ఊదిన గాలి చేతికి తగలకపోతే ఫ్యాన్‌కీ తగలదు. చాలా డబ్బాల్లో చిల్లుల వెనకాల సన్నని నైలాన్ ఫిల్టర్ ఉంటుంది, అది పెట్టి ఒకసారి, తీసి ఒకసారి ఊదండి.

పీసీ నడుస్తున్నప్పుడు అగరబత్తి వెలిగించి చిల్లుల దగ్గర పట్టుకుంటే పొగ ఎటు పోతోందో కళ్లకి కనిపిస్తుంది. లోపలికి లాగాల్సిన చోట బయటికి తోస్తుంటే ఫ్యాన్ తిరగేసి బిగించారన్నమాట. నుసి లోపల పడకుండా చూసుకోండి. మా ఆవిడ ఒకసారి చూసి 'ఆయుధపూజ ఇంకా రాలేదే' అంది.

ఎస్ఎంపీఎస్

మామూలు ఏటీఎక్స్ ఎస్ఎంపీఎస్ వెడల్పు 150, ఎత్తు 86 మి.మీ. చిన్న డబ్బాలకి వాడే ఎస్ఎఫ్ఎక్స్ 125 × 63.5 × 100 మి.మీ. ఎస్ఎఫ్ఎక్స్-ఎల్ లోతు 130. రెండోదానికి పెద్ద ఫ్యాన్ ఉంటుంది, కానీ ఆ అదనపు 30 మి.మీ. కేబుళ్లకి పట్టే చోటు. వేరే చోట కోత పెట్టుకోండి కానీ ఎస్ఎంపీఎస్ దగ్గర వద్దు. ఎస్ఎఫ్ఎక్స్ అదే వాట్ల ఏటీఎక్స్ కంటే ఖరీదెక్కువే, డబ్బా ధర చూసేటప్పుడే దీన్నీ కలుపుకోండి.

ఆర్టీఎక్స్ 5070 లాంటి 250 వాట్ల కార్డుకి ఎన్విడియా చెప్పేది 650 వాట్ల ఎస్ఎంపీఎస్. ఇక్కడి వేడికి నేనైతే 750 తీసుకుంటా, సగం బరువు మీద నడిచేది చల్లగా, చప్పుడు లేకుండా నడుస్తుంది. ఎండాకాలం కరెంటు పోయి రావడం మనకి మామూలే. ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలంటే అది ప్యూర్ సైన్ వేవ్ అవునో కాదో చూసుకోండి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదికి మారగానే కొన్ని ఎస్ఎంపీఎస్‌లు ఆగిపోతాయి.

రైజర్ కేబుల్ ఉంటే

శాండ్‌విచ్ రకానికే ఈ తలనొప్పి. కేబుల్ ఏ తరానిదో చూడండి, జెన్ 3, జెన్ 4, జెన్ 5 అని ఉంటుంది. కార్డు జెన్ 4, కేబుల్ జెన్ 3 అయితే తెర నల్లగా ఉండిపోవచ్చు, లేదా ఆటలో ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. కార్డు పాడైందని కంగారుపడి వాపసు పంపకండి. మానిటర్ కేబుల్ తీసి మదర్‌బోర్డుకి పెట్టండి. ఏఎండీ రైజెన్ 7000, 9000 ప్రాసెసర్లలో చాలావాటికి సొంత గ్రాఫిక్స్ ఉంటుంది కాబట్టి బొమ్మ వస్తుంది, ఎఫ్ అక్షరంతో ముగిసేవాటికి ఉండదు. మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి పీసీఐఈ (కార్డు స్లాటు) వేగాన్ని 'ఆటో' నుంచి కేబుల్ తరానికి తగ్గించండి. పదహారు లేన్ల (డేటా పోయే దారుల) కార్డుకి ఆటల్లో తేడా కొంచెమే. ఎనిమిది లేన్ల కార్డులకి ఇంకొంచెం ఎక్కువ.

రైజర్‌ని డబ్బాకి బిగించే స్క్రూల మీద కూడా కన్నేయండి. 2021లో అమెరికాలో ఎన్‌జడ్‌ఎక్స్‌టీ హెచ్1 క్యాబినెట్లని వెనక్కి పిలిపించారు. రైజర్ బోర్డుని పట్టుకునే రెండు స్క్రూల దగ్గర షార్ట్ అయి మంటలొచ్చే ప్రమాదముందని తేలింది. పాత సరుకు ఎవరైనా చౌకగా అమ్మజూపితే ఇది గుర్తుకు రావాలి.

దుమ్ము, ఉప్పుగాలి, చీమలు

రివ్యూల్లో ఇవి ఉండవు. చీమకుర్తి వైపు ఉండేవాళ్లకి గ్రానైట్ దుమ్ము సంగతి నేను చెప్పాలా. అటువైపుంటే ఫిల్టర్ చేతికి ఊడొచ్చేలా, కడుక్కునేలా ఉండాలి. అయస్కాంతంతో అంటుకునేవి మేలు. నాలుగు స్క్రూలు విప్పితే కానీ రాని ఫిల్టర్‌ని రెండో నెల నుంచి ఎవరూ కడగరు.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో పల్చని పెయింటు వేసిన ఇనుపరేకు అంచుల్లో తుప్పు పడుతుంది. అల్యూమినియం డబ్బాకి పెట్టే అదనపు డబ్బు అక్కడ దండగ కాదు. ఇనుపదైతే కోసిన అంచుల మీద, స్క్రూ బెజ్జాల చుట్టూ పెయింటు ఉందో లేదో వేలితో తడిమి చూడండి. వేలు తెగే అంచైతే ఆ కంపెనీ పనితనం మిగతా చోట్లా అంతే.

వానాకాలం వెచ్చటి డబ్బా దొరికితే చీమలు కాపురం పెడతాయి, బల్లిపిల్ల దూరుతుంది. వెనకవైపు స్లాటు ఖాళీలు మూసి ఉన్నాయా, చేతివేలు పట్టే కంతలేమైనా ఉన్నాయా చూసుకోండి.

డబ్బా ఇంటికొచ్చాక

సీలు తెంచేటప్పటి నుంచి ఫోన్‌లో వీడియో తీయండి. వాపసు గడువు తేదీ అట్టపెట్టె మీదే రాయండి, గడువు లోపల మొత్తం బిగించి నడిపి చూడాలి. మూతలు నాలుగూ ముందు ఖాళీ డబ్బాకి తీసి పెట్టి చూడండి. రవాణాలో మూల సొట్టపడితే చిన్న డబ్బాలో మూత కూర్చోదు.

బిగించాక అసలు పరీక్ష ఇది. ఏసీ వేయకుండా మీరు ఎక్కువగా ఆడే ఆటనో, వీడియో రెండరింగ్‌నో అరగంట నడపండి. కార్డు, ప్రాసెసర్ వేడి రాసుకోండి. తర్వాత పక్కమూతలు తీసేసి మళ్లీ అరగంట. తేడా మూడు నాలుగు డిగ్రీలైతే డబ్బా బాగా ఊపిరి పీలుస్తున్నట్టే. పది దాటితే ఉక్కిరిబిక్కిరవుతోంది. ఫ్యాన్ దిశ, కేబుళ్లు అడ్డమొచ్చాయా, ఫిల్టర్ మరీ దట్టంగా ఉందా చూసి మార్చండి. మారకపోతే గడువు ఉండగానే వెనక్కి పంపేయండి. ఫ్యాన్ మూతకి మరీ దగ్గరగా ఉంటే ఈల వేసినట్టు చప్పుడొస్తుంది, మూత తీయగానే ఆగిపోతే కారణం అదే.

చివర్లో కార్డు పవర్ లిమిట్ 80 శాతానికి దించి అదే పరీక్ష మళ్లీ చేయండి. వేగం కొంచెమే తగ్గుతుంది, వేడి బాగా దిగుతుంది. రైజెన్ ప్రాసెసర్ అయితే బయోస్‌లో కరెంటు తక్కువ లాగే ఎకో మోడ్ 65 వాట్లకి పెట్టండి. నా పీసీ మార్చి నుంచి జూన్ దాకా ఇలాగే నడుస్తుంది, చలికాలంలో మళ్లీ వదిలేస్తా.

మోసుకెళ్లేది అయితే, నేరుగా స్లాటులో కూర్చునే రకంలో కార్డు విప్పి వేరే డబ్బాలో పెట్టుకోవాలి, కుదుపులకి దాని బరువంతా స్లాటు మీద పడుతుంది. శాండ్‌విచ్ రకంలో బ్రాకెట్ గట్టిగా పట్టుకుంటే విప్పక్కర్లేదు. పినాకిని రైల్లో నేను పై ర్యాకులో పెట్టను. కాళ్ల దగ్గర తువ్వాలు మడిచి దాని మీద పెట్టుకుంటా.